తువ్వాళ్ళపై మొండి మరకలు: కారణాలు, నివారణ

ఎంత ఉతికినా తువ్వాళ్ళ గోధుమ రంగు వీడనప్పుడు దోషం తరచుగా ఉతికే చేతిది కాదు, నీటిది. బోరు నీటిలో కరిగి ఉన్న ఇనుము తోడినప్పుడు రంగులేకుండా ఉంటుంది. గాలి సోకగానే ఆక్సీకరణం చెంది, తుప్పు రంగుతో నూలు పోగులలో నిలిచిపోతుంది. లీటరు నీటిలో ఇనుము 0.3 మిల్లీగ్రాములు మించితే బట్టలకు మరకలు పడే అవకాశం ఉంది.

ఇట్టి మరకలపై బ్లీచింగ్ పౌడరు వాడరాదు. అది ఇనుమును మరింత ఆక్సీకరించి మరకను స్థిరపరుస్తుంది, నూలును బలహీనపరుస్తుంది. నిమ్మరసం, ఉప్పు పట్టించి కొంతసేపటి తరువాత బాగా జాడించాలి. సిట్రిక్ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. ఆమ్లాన్ని, బ్లీచింగ్ పౌడరును కలిపితే విషపూరిత క్లోరిన్ వాయువు వెలువడుతుంది గనుక రెండింటినీ ఎన్నడూ కలపరాదు.

మరకలన్నీ ఇనుము వలన కలిగినవి కావు. కఠిన జలంలో సబ్బు కరగని తెట్టుగా మారి పోగులలో పేరుకొనుట వలన తువ్వాలు బూడిద రంగుకు తిరుగుతుంది. అచ్చట డిటర్జెంట్ మేలు. నల్లని చుక్కలు బూజు లక్షణం. తడి తువ్వాళ్ళను కుప్పగా వేయరాదు. పసుపు మరక సబ్బు క్షారగుణానికి ఎర్రబడినా, జాడించి ఎండలో ఆరవేస్తే క్రమంగా వెలిసిపోతుంది.

గృహిణులకు సలహా ఇచ్చే ముందు విస్తరణ సిబ్బంది తెల్లని గిన్నెలో బోరు నీటిని రాత్రంతా ఉంచి చూడాలి. అడుగున ఎర్రని మడ్డి చేరితే, నీటిని ఎత్తు నుండి ధారగా తొట్టిలో పోసి, నిలువ ఉంచి, పైతేటను మాత్రమే ఉతుకుటకు వాడమని చెప్పాలి.