పసిపిల్లలకు వెర్రిమొర్రి కథలు చదివి వినిపించడంలోని ఆనందం

సాహిత్యమంటే హితంతో కూడినది అని మన పెద్దలు వ్యుత్పత్తి చెబుతారు. ఉర్దూలో సాహిత్యానికి వాడే ‘అదబ్’ అన్న మాటకు మర్యాద, సంస్కారం అన్న అర్థాలు కూడ ఉన్నాయి. ఈ రెండు మాటలను చూచినవారికి సాహిత్యం బుద్ధి చెప్పడానికే గాని నవ్వించడానికి కాదన్న అభిప్రాయం కలగడం సహజం. పసిపిల్లల పుస్తకాల విషయంలో ఈ అభిప్రాయం మరింత బలంగా పాతుకొని ఉన్నది. మూడేళ్ల పిల్లవానికి పుస్తకం కొనవలసి వస్తే మనము మొదట వెతికేది చివరి పుటలోని నీతివాక్యాన్ని. పిల్లి గొడుగు వేసుకొని సంతకు పోయిందనీ, గుమ్మడికాయకు జలుబు చేసిందనీ చెప్పే పుస్తకం చేతికి వస్తే, “ఇందులో ఏమున్నది?” అని తిరిగి పెట్టివేస్తాము. అందులో ఏమున్నదో విచారించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

వెర్రికి కూడ ఒక క్రమం

వెర్రిమొర్రి కథ అంటే అర్థం పర్థం లేని మాటల ప్రోగు కాదు. లోకంలోని నియమాలలో ఏదో ఒకదానిని తలక్రిందులు చేసి, తక్కినవాటినన్నిటిని చక్కగా పాటించే కథ అది. పిల్లి సంతకు పోవడం వెర్రి. కాని పోయిన పిల్లి చేపలు బేరమాడడం, చిల్లర లెక్క చూచుకోవడం, వాన వస్తే గొడుగు విప్పడం సక్రమం. ఈ సక్రమత ఉన్నందువల్లనే ఆ వెర్రి మనకు నవ్వు తెప్పిస్తున్నది. అన్నీ తలక్రిందులైతే అది గందరగోళమే అవుతుంది.

ఇట్టి రచనలో ఆరితేరినవారు పలు దేశాలలో ఉన్నారు. ఇంగ్లండులో ఎడ్వర్డ్ లియర్ తన మొదటి హాస్యపద్య సంపుటిని 1846లో ప్రకటించాడు. ఆయన వృత్తిచేత చిత్రకారుడు. ఒక ప్రభువు ఇంట పక్షుల, జంతువుల బొమ్మలు గీయడానికి వెళ్లి, ఆ ఇంటి పిల్లలను నవ్వించడానికి ఈ పద్యాలు కట్టాడు. 1873లో భారతదేశానికి వచ్చినప్పుడు ఇక్కడి ఇంగ్లీషువారి ఇళ్లలో వినబడే హిందుస్తానీ మాటలను ఏరుకొని, వాటి అర్థంతో నిమిత్తం లేకుండా కేవలం ధ్వని కొరకే వాడి ఒక పద్యం రచించాడు. అందులో ధోబీ కూర్చుండే ఆసనం అవుతాడు, పంఖాలు దారివెంట నడిచిపోతాయి! వంగదేశంలో సుకుమార్ రాయ్ ‘హ య వ ర ల’ అని అక్షరాల వరుసతోనే పేరు పెట్టిన కథలో చేతిరుమాలును పిల్లిగా మార్చాడు. ‘ఆబోల్ తాబోల్’ పద్యాలలో బాతును, ముళ్లపందిని కలిపి ఒకే జంతువును చేశాడు. ఆయన 1923 సెప్టెంబరు 10న, 35 ఏళ్ల వయసులో మరణించాడు. కొద్ది రోజులకు ఆ పద్యాల పుస్తకం వెలువడింది. మృత్యుశయ్యపై నుండి బాలలకు నవ్వును కానుకగా పంపిన కవి ఆయన.

మన రెండు భాషలలోను ఈ సంపద తక్కువ కాదు. నూతి దగ్గర దాహమడిగిన అమీర్ ఖుస్రోను నలుగురు స్త్రీలు ఖీరు మీద, రాట్నం మీద, కుక్క మీద, డోలు మీద కవిత చెప్పమంటే, ఏ మాత్రం పొంతన లేని ఆ నాలుగింటిని ఆయన ఒకే పద్యంలో ముడివేశాడని ఐతిహ్యం. తెనాలి రామకృష్ణుని పేర మేకలను, తోకలను పేర్చి చెప్పిన చాటుపద్యం తెలుగునాట ప్రసిద్ధం. పండితసభలు కూడ వెర్రిని ఆదరించాయన్న మాట. ఇక మన నుడికారంలోనే ఎన్ని కథలు దాగి ఉన్నవో చూడండి. పెద్దలు విసుక్కొని “గాడిదగుడ్డు” అంటారు. ఆ గుడ్డు పొదిగితే ఏమి పుడుతుందని పిల్లవాడు అడుగుతాడు. తాళంకప్ప చెరువులో దూకిందంటే, పిల్లిమొగ్గ పూచిందంటే కథ మొదలైనట్లే. ఉర్దూలో ‘ఖయాలీ పులావ్’ అంటాము. అందులో ఉప్పు సరిపోయిందా అని అడగగలిగినవాడు పసివాడొక్కడే.

నవ్వు జ్ఞానానికి గుర్తు

ఇటువంటి కథలు పిల్లల బుద్ధిని చెడగొడతాయన్న భయం మన ఒక్కరిదే కాదు. రష్యాలో కొర్నేయ్ చుకోవ్‌స్కీ (1882–1969) నగరవీధులలో తిరిగే ఒక మొసలిని గూర్చి బాలలకు గేయకథ రచించాడు. 1928 ఫిబ్రవరిలో లెనిన్ భార్య క్రూప్‌స్కయా ‘ప్రావ్దా’ పత్రికలో ఆ పుస్తకాన్ని తీవ్రంగా ఖండించింది. మొసళ్లను గూర్చి నిజమైన విషయాలు చెప్పక ఈ వెర్రి ఎందుకని ఆమె ఆక్షేపణ. మాక్సిం గోర్కీ ఆయన పక్షాన లేఖ వ్రాయవలసి వచ్చింది.

చుకోవ్‌స్కీ ‘రెండు నుండి ఐదు వరకు’ అనే పేరుతో ప్రసిద్ధమైన తన గ్రంథంలో దీనికి సమాధానం చెప్పాడు. అప్పుడే మాటలు నేర్చుకొంటున్న ఆయన కూతురు ఒకనాడు వచ్చి, కుక్క మ్యావ్ అంటుందని చెప్పి పకపక నవ్విందట. ఆ చిన్నారి తెలియక పొరబడలేదు. తెలిసే తారుమారు చేసింది. కుక్క మొరుగుతుందని రూఢిగా ఎరిగినప్పుడే, మ్యావ్ అనిపించి నవ్వడం సాధ్యం. కనుక వెర్రి కథ విని నవ్వే పిల్లవాడు లోకం తీరు మరచిపోవడం లేదు, తనకు అది తెలిసినదని చాటుతున్నాడు. చుకోవ్‌స్కీ వాదం యొక్క సారం ఇదే. అసంబద్ధత పిల్లలలో యథార్థజ్ఞానాన్ని బలపరుస్తుందే గాని సడలించదు.

దీనికి మన ఇంటి ఉదాహరణ ఒకటి చెప్పుకొందాము. పరమానందయ్య శిష్యులు ఏరు దాటి, అందరు వచ్చామా అని లెక్కపెట్టుకొంటారు. లెక్కించేవాడు తనను విడిచి తక్కినవారిని లెక్కిస్తాడు. ఎవరు లెక్కించినా ఒకడు తక్కువే! ఏరు ఒకణ్ణి మింగిందని అందరు గోలున ఏడుస్తారు. ముల్లా నస్రుద్దీన్ గాడిదలను తోలుకొని పోతూ, తాను ఎక్కిన గాడిదను వదలి లెక్కించి, ఒకటి పోయిందని కంగారుపడతాడు. దిగి లెక్కిస్తే సరిగా ఉంటాయి, ఎక్కి లెక్కిస్తే ఒకటి తగ్గుతుంది. ఒకే వెర్రి రెండు తలపాగాలు చుట్టుకొన్నది! ఐదేళ్ల పిల్లవానికి ఈ కథ చదివి వినిపిస్తే, మూడవసారి లెక్క తప్పేసరికి ఆగలేక, “వాణ్ణి వాడు లెక్కపెట్టుకోలేదు!” అని కేకవేస్తాడు. ఆ కేకలో ఒక గణిత పాఠం పూర్తి అయినది. తనకంటె తెలివి తక్కువవాడు పుస్తకంలో ఉన్నాడన్న గర్వం వానికి కలిగింది. రోజంతా పెద్దల చేత తప్పులు దిద్దించుకొనే ప్రాణికి, ఒకరి తప్పు తాను దిద్దే అవకాశం లభించింది. నీతికథ పిల్లవానిని శిష్యుని స్థానంలో కూర్చుండబెడితే, వెర్రి కథ గురువు స్థానంలో కూర్చుండబెడుతుంది.

చెవి నుండి కంటికి

కథ చెప్పడం ఒకటి, పుస్తకం పట్టుకొని చదివి వినిపించడం మరొకటి. నోటితో చెప్పే కథ పూటకొక విధంగా మారుతుంది. పుస్తకంలోని వాక్యం మారదు. నిన్న విన్న మాటే నేడు అదే చోట వస్తుందని పిల్లవాడు ఎదురుచూస్తాడు. పుట తిప్పకముందే ఆ మాట తానే అందిస్తాడు. పెద్దలు కావాలని ఒక మాట మార్చి చదివితే ఒప్పుకోడు. అక్షరం అంటే నిలకడ కలది, క్షయం లేనిది అన్న సంగతి ఓనమాలకు ముందే వానికి ఈ విధంగా బోధపడుతుంది.

ప్రాసల, యతుల వలన కలిగే మేలు కూడ తక్కువది కాదు. 1980 దశకంలో ఆక్స్‌ఫర్డులో బ్రాడ్లీ, బ్రయంట్ అనే పరిశోధకులు, వారి సహచరులు పసిపిల్లలను కొన్ని సంవత్సరాలపాటు పరిశీలించారు. చిన్ననాడు ప్రాసలను బాగా పోల్చగలిగినవారు, బాలగేయాలు ఎక్కువగా తెలిసినవారు తరువాత చదవడంలో ముందంజ వేసినట్లు వారికి కనబడింది. మాటను ధ్వనులుగా విడదీసి వినే నేర్పు ఈ గేయాల వల్ల అలవడుతుంది. అమెరికాలో డాక్టర్ స్యూస్ అనే కలం పేరు గల రచయిత, బడిపుస్తకాల విసుగును పోగొట్టదలచి, సుమారు 236 వేర్వేరు మాటలతోనే ఒక కొంటె పిల్లి కథను 1957లో ప్రకటించాడు. 1960లో కేవలం 50 మాటలతో మరొక పుస్తకం వ్రాశాడు. ఆ మాటలే మళ్లీ మళ్లీ దొర్లుతూ, ప్రాసల మీద పరుగెత్తుతూ పోతాయి. వింటూ ఉండగానే పిల్లలకు పుస్తకం కంఠస్థమై, కంఠస్థమైన దానిని వ్రేలు పెట్టి చదవడం ఆటగా మారుతుంది. బిగ్గరగా చదివి వినిపించడం చదువుకు గట్టి పునాది అని 1985లో ఆ దేశపు విద్యావేత్తల సంఘం నివేదించింది. శైశవం నుండే చదివి వినిపించమని తల్లిదండ్రులకు సలహా చెప్పవలసిందిగా అక్కడి శిశువైద్యుల సంఘం 2014లో తన సభ్యులను కోరింది.

మన కళాశాల విద్యార్థులకు ఈ విషయం మరింత ముఖ్యమైనది. మనలో పలువురి ఇళ్లలో మాట్లాడేది ఉర్దూ, వీధిలో వినేది తెలుగు. ‘ళ’, ‘ణ’ అన్న ధ్వనులు దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లలకు కొత్తవి. వాటిని మొదటిసారి బడిలో, పదిమంది ముందు, తప్పు పలికితే నవ్వుతారన్న భయంతో పలకవలసి వస్తే, ఆ భయం ధ్వనులను దాటి భాష మీదికే ప్రాకుతుంది. అదే పిల్ల మూడేళ్ల వయసులో అన్న ఒడిలో కూర్చుండి, “బళ్ళో పిళ్ళా, పిళ్ళో బళ్ళా” అనే అర్థం లేని పలుకులను పదిసార్లు పలికి, నాలుక తడబడినప్పుడల్లా అన్నతో కలిసి నవ్వి ఉంటే? అక్కడ తడబాటే ఆట. ఒకరు మనల చూచి నవ్వడం వేరు, మనతో కలిసి నవ్వడం వేరు. భాషతో మొదటి పరిచయం ఈ రెండవ నవ్వుతో జరగాలని మేము కోరుతున్నాము. తెలుగువారి ఇళ్లలోని పిల్లలకు ఉర్దూ పరిచయం కావడానికి కూడ ఇదే దారి. సూఫీ తబస్సుం (1899–1978) పిల్లల కొరకు సృష్టించిన ‘టోట్ బటోట్’ అనే అల్లరివాని పేరు పలికితే చాలు, భాష తెలియని పసివాడు కూడ నవ్వుతాడు.

చదవవలసిన తీరు

ఈ పనికి పాండిత్యం అక్కరలేదు. కొన్ని జాగ్రత్తలు చాలు. మొదటిది, పుస్తకం పిల్లలకు కనబడేటట్లు పట్టుకోవాలి. బొమ్మ చూడడానికి వారు ఆపితే ఆగాలి. రెండవది, సిగ్గు విడవాలి. ఏనుగుకు ఏనుగు గొంతు, దోమకు దోమ గొంతు ఇవ్వలేనివారు వెర్రి కథకు న్యాయం చేయలేరు. అయితే చదివేవారు నవ్వరాదు. ఎంత వింతైన మాటనైనా వార్తలు చదివినంత గంభీరంగా చదివితేనే పిల్లలకు నవ్వు పొర్లుకొని వస్తుంది. మూడవది, ప్రాస దగ్గర ఒక క్షణం నిలిచి, చివరి మాటను పిల్లలకు వదలాలి. నాలుగవది, హాస్యాన్ని వివరించరాదు. “దీనివల్ల నీవు నేర్చుకొన్నదేమి?” అని అడగరాదు. ఆ ప్రశ్నతో ఒడి కాస్తా బడిగా మారుతుంది. ఐదవది, అదే పుస్తకాన్ని ఇరవైసార్లు అడిగినా విసుగుకోరాదు. ఆరవది, పావుగంటకు మించకుండా, పిల్లలు ఇంకా కావాలంటూ ఉండగానే ముగించాలి. చదవడాన్ని బహుమానంగా ఇవ్వరాదు, శిక్షగా మానరాదు. అన్నంవలె అది నిత్యం జరగవలసినది.

ఇందులో పెద్దలకు దక్కే లాభం కూడ ఒకటి ఉన్నది. పరీక్షలు, ఉద్యోగం, సంసారం అనే బరువులతో మన గొంతులు ఒకే స్థాయిలో మ్రోగడం అలవాటు పడతాయి. ఏనుగు గొంతును, దోమ గొంతును వెతుక్కొంటూ మన లోపలికి పోయినప్పుడు, మనము మరచిపోయిన మన బాల్యం అక్కడ కూర్చుండి కనబడుతుంది. అరబ్బీ గద్య రచయితలలో అగ్రగణ్యుడైన జాహిజ్ (9వ శతాబ్ది) తన గ్రంథాలలో గంభీరవిషయాల నడుమ హాస్యాన్ని కావాలని కలిపాడు. చదువరి మనస్సు అలసిపోకుండడానికే ఆ ఏర్పాటు. పండితులకే అవసరమైన ఆ విశ్రాంతి పసివారికి అనవసరమా?

విద్యార్థులారా! మీ ఇళ్లలో చదవగలిగినవారు మీరొక్కరే కావచ్చు. తల్లిదండ్రులకు తీరిక లేకపోవచ్చు, అక్షరం రాకపోవచ్చు. తమ్మునికి, చెల్లెలికి, అక్క బిడ్డకు పుస్తకం చదివి వినిపించే భాగ్యం అప్పుడు మీదే. పుస్తకాలు కొనే స్తోమత లేదనడానికి కూడ వీలు లేదు. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు బాలసాహిత్యాన్ని చవుకగా అందిస్తున్నది. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ఆరంభించిన ‘స్టోరీవీవర్’లో తెలుగు, ఉర్దూ బొమ్మల పుస్తకాలను ఫోనులో ఉచితంగా చదువుకోవచ్చు.

కళాశాల కార్యవర్గం వారికి కూడ మా విన్నపం ఒకటి. గ్రంథాలయంలో ఒక్క అరను పసిపిల్లల పుస్తకాలకు కేటాయించి, తెలుగు, ఉర్దూ పుస్తకాలను పక్కపక్కన ఉంచి, విద్యార్థులు వాటిని ఇంటికి తీసుకొనిపోయే ఏర్పాటు చేయాలి. నిఘంటువులకు, మహాకావ్యాలకు దాని వల్ల గౌరవలోపం కలగదు. రేపు ఆ కావ్యాలను విప్పబోయే చేతులు నేడు గాడిదగుడ్డు కథను పట్టుకొని నవ్వుతూ ఉన్నాయి. ఆ నవ్వును భాషకు దూరం చేయక, భాషలోనికి ఆహ్వానించడం మన కర్తవ్యం.