ఇంటి మడి, సంత మడి

చదువవలసిన వాక్యభాగములు: సామెతలు 15:17, మత్తయి 7:12.



ప్రేమగల యింట ఆకుకూరల భోజనమే మేలని సొలొమోను బోధించెను. ఆ కూర మన పెరటిలో పండినదైతే మరియు మేలు. అనకాపల్లి ప్రాంతమున చెరకు, వరి ఎరుగనివారు లేరు గాని చైనా కాబేజీ అనేకులకు క్రొత్త. ఇది ఆవకును ముల్లంగికిని చుట్టము. నిలువుగా పెరిగి, వెడల్పైన తెల్లని ఈనెలు గల లేత ఆకులతో గడ్డ కట్టును.

ఇది చలిని కోరు పంట. ఎండ ముదిరినయెడల గడ్డ కట్టక పూతకు వచ్చును. కావున అక్టోబరు చివరనో నవంబరు మొదటనో నారు పోయవలెను. మూడు నాలుగు వారముల నారును మూరెడు ఎడముగా నాటవలెను. మడిలో మాగిన పెంట వేయవలెను. వేళ్లు పైపైనే యుండును గనుక తరచుగా కొద్దికొద్దిగా నీరు పోయవలెను. నీరు నిలిచిన కుళ్లును. నాటిన రెండు నెలలకు, సంక్రాంతి దాటిన పిమ్మట, కోతకు వచ్చును.

దీని శత్రువు ఆకులను జల్లెడ చేయు చిన్న పచ్చ పురుగు. నారు నాటుటకు రెండు వారముల ముందే మడి అంచున ఆవాలు చల్లుడి. రెక్కల పురుగులు ఆ ఆవమొక్కలమీదనే ఎక్కువగా గ్రుడ్లు పెట్టును. లీటరు నీటిలో 50 గ్రాముల వేపపప్పు పొడిని రాత్రి నానబెట్టి, వడగట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలమున చల్లుడి.

ఇక మన హృదయములను పరీక్షించు సంగతి. కొందరు ఇంటి మడిని మందులేక కాచుకొని, సంత మడిమీద నిన్న మందు కొట్టి నేడు కోయుదురు. కొట్టిన పిమ్మట ఎన్ని దినములు ఆగవలెనో డబ్బామీదనే వ్రాసియుండును. “కన్నముల కూర ఎవరు కొందురు? అప్పు ఎట్లు తీర్తుము?” అని వారందురు. ఆ మాట అబద్ధము కాదు. కన్నముల కూరకు ధర తగ్గును. పేదవానికి ఆ తగ్గినది చిన్నది కాదు. అయినను ఇతరులు మనకేమి చేయవలెనని కోరుదుమో అదే వారికి చేయుమన్న ప్రభువు, నష్టము లేనప్పుడు మాత్రమే చేయుమనలేదు. మనము అమ్మిన కూర ఏ బాలింత కంచములోనికి పోవునో మనమెరుగము; ఆయన ఎరుగును.

కాబట్టి గడువు తీరువరకు కోయకుడి. పై ఆకులు ఒలిచి, ఉన్నది ఉన్నట్లు చెప్పి అమ్ముడి. తగ్గిన ధర ప్రభువు ఎదుట అర్పణగా నెంచబడును.

కుటుంబ ప్రార్థనలో ఆలోచింపవలసిన ప్రశ్న: నేడు సంతకు మోయు కూరను ఈ రాత్రి మన బిడ్డలకు వడ్డింపగలమా?