యుద్ధక్రీడ: తరగతి గదిలో నొక పాఠము

చదరంగ మెఱుగనివారు మనలో నరుదు. రథ గజ తురగ పదాతులను నాలుగంగములు గల సేననుబట్టియే యా యాటకు చతురంగమను పేరు గలిగినది. అయినను చదరంగమున నెల్లరను గెలుచు బాలునకు నిజమైన సేనను నడుపుట తెలియునని యెవ్వరును తలంపరు. ఏలయన, చదరంగపు బల్లమీద గళ్లన్నియు నొక్కతీరుననే యుండును. వాగు లేదు, దిబ్బ లేదు, బురద లేదు. ఒకడు తన బంటును జరిపినతోడనే రెండవవాడు దానిని జూచును. గుఱ్ఱము శకటును గొట్టినచో శకటు తప్పక పోవునేగాని, దెబ్బ గురి తప్పుట యను మాటయే లేదు. యుద్ధభూమియం దిదియంతయు తలక్రిందగును. నేల సమముగా నుండదు, శత్రువు కనబడడు, కొట్టిన దెబ్బ తగులునో తగులదో తెలియదు. ఈ కొఱతలను దీర్చి, బల్లమీద సేనలను నడుపుట నేర్పు సాధనమే యుద్ధక్రీడ. జర్మను భాషలో దీనిని క్రీగ్‌స్పీల్ అందురు. ఇది మొదట నుపాధ్యాయుల చేతులలో పెరిగినదే గనుక మన పాఠశాలా పత్రికయందు దీనిని గూర్చి వ్రాయుట యసందర్భము గాదు.

జర్మనీలోని బ్రన్స్విక్ సంస్థానమున రాజపరిచారకులగు బాలురకు పెద్దగా నుండి గణితము బోధించుచుండిన హెల్విగ్ అనునతడు 1780లో తన యాటను గూర్చిన గ్రంథమును ప్రకటించెను. ఆయన గళ్లను విడువలేదు. కాని వాని సంఖ్యను వేయికి మించి పెంచి, కొండ, నీరు, చిత్తడినేల మున్నగువాని నొక్కొక్క రంగుచే దెలిపెను. మంత్రియు శకటును పోయి కాల్బలము, ఆశ్వికబలము, ఫిరంగులు వచ్చినవి. ఇంతవఱకు బాగుగనే యున్నది. అయితే నదులు గళ్లను జూచి ప్రవహింపవు గదా!

గళ్లను తుడిచివేసినవాడు ప్రష్యా రాజ్యమున కొలువు చేయుచుండిన రైస్విట్జ్. ఆయన మొదట నిసుకతో దిబ్బలను లోయలను దీర్చి యాడించెను. పిదప 1812లో సొరుగులు గల యొక పెద్దబల్లను, దానిపై నమర్చుటకు కొండలు, నదులు, ఊళ్లు గల పలకలను జేయించి రాజగు మూడవ ఫ్రెడరిక్ విలియమునకు సమర్పించెను. ఆ బల్ల బెర్లినునందలి షార్లొటెన్‌బర్గు రాజభవనమున నేటికిని నిలిచియున్నది. బల్ల మిక్కిలి సుందరమైనదే గాని, రాజులకు దప్ప నితరుల కది దొరకునది కాదు. ఫిరంగిదళమున నధికారియైన యాయన కుమారుడు దానిని కాగితము మీదికి దెచ్చెను. 1824లో నతడు ప్రకటించిన నియమములే నేటి యుద్ధక్రీడల కన్నింటికిని మూలము.

ఆ నియమములను కొంచెము నిదానముగా జూడవలసియున్నది. ఆట 1:8000 ప్రమాణము గల పటముపై జరుగును. అనగా పటమునం దొక యంగుళము నేలమీద సుమారు 222 గజములు. ఎఱ్ఱనివి, నీలివి యగు చిన్న దిమ్మలే సేనలు. ఒక్కొక్క యెత్తు యుద్ధకాలమున రెండు నిమిషములకు సమానము. ఆ రెండు నిమిషములలో కాల్బల మెంతదూరము నడువగలదో, గుఱ్ఱ మెంతదూరము పరుగిడగలదో యంతదూరమే దిమ్మను జరుపవలెను. తుపాకులు, ఫిరంగులు కాల్చినపుడు పాచికలు వేసి నష్టమును లెక్కింతురు. అన్నింటికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. ఆడువారు దిమ్మలను దామే ముట్టరు. తమ యాజ్ఞలను కాగితముపై వ్రాసి తీర్పరికి నిత్తురు. తీర్పరి వానిని చదివి, ఎవరికేది కనబడునో దానిని మాత్రమే పటముపై నుంచును. కొండవెనుక నున్న శత్రువు పటమున నుండడు. దూరముగ నున్న దళమునకు పంపిన యాజ్ఞ వార్తాహరుడు గుఱ్ఱముపై పోవు కాలము గడచిన పిదపగాని చేరదు. ప్రష్యా సైన్యమున ముఖ్యాధికారియైన ముఫ్లింగ్ మొదట నిర్లక్ష్యముగా జూచెననియు, ఆట సాగినకొలది యాసక్తుడై, ఇది యాటగాదు, యుద్ధమునకు శిక్షణమని మెచ్చెననియు చెప్పుదురు. పిమ్మట ప్రతి పటాలమునకును నీ సాధనము నేర్పాటు చేయబడెను. చిన్న రైస్విట్జ్ మాత్ర మా కీర్తిని చిరకాల మనుభవింపలేదు, 1827లోనే మరణించెను.

తరువాతి వారిలో నొక వివాదము బయలుదేఱెను. పట్టికలు, పాచికలు, లెక్కలు మితిమీఱి యాట నత్తనడక నడచుచుండెను. 1876లో వెర్ది దు వెర్నువా అను జర్మను సేనాని వాని నన్నింటిని ప్రక్కకు నెట్టి, యుద్ధానుభవము గల తీర్పరి తన బుద్ధిచేతనే ఫలితమును నిర్ణయింపవచ్చునని వాదించెను. యుద్ధములు చూచి తలనెరసిన తీర్పరి కిది తగును. పదునాలుగేండ్ల తీర్పరికి తగదని నా యభిప్రాయము. పాచిక లేనిచో నోడిన పక్షమువారు తీర్పరి తన స్నేహితుని పక్షము వహించెనని యలుగుదురు; ఆ యలుక మఱునాటి గణితపు గంటవఱకును సాగును.

ఈ క్రీడ నిజముగా తరగతిపాఠమై ప్రాణములను గాపాడిన సందర్భమొకటి కలదు. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటనునకు తిండియు, నూనెయు, ఆయుధములును నట్లాంటికు సముద్రముమీదుగా రావలసియుండెను. వర్తకనౌకలు గుంపులుగా వచ్చుచుండగా జర్మను జలాంతర్గాములు వానిని రాత్రులందు ముంచుచుండెను. 1942 జనవరిలో లివర్‌పూలు నగరమునందలి డెర్బీ హౌసను భవనమున నొక శిక్షణశాల నెలకొల్పబడెను. దానికి నాయకుడు గిల్బర్టు రాబర్ట్స్. ఈయన క్షయరోగముచే నౌకాదళమునుండి తొలగింపబడి, యుద్ధము రాగా మరల పిలువబడినవాడు. ఆయనకు తోడుగా వచ్చినవారు నౌకాదళ మహిళావిభాగమునందలి యువతులు. పలువురు సముద్రముపై నెన్నడును పోరు చూడనివారు.

వారి యాట బల్ల గదియొక్క నేలయే. నేలపై గీతలు గీసి సముద్రముగా నేర్పఱచిరి. రక్షకనౌకల యధికారులు చుట్టును గుడ్డతెరల వెనుక నిలిచి, తెరలయందలి చిన్న సందులగుండ మాత్రమే చూడవలెను. రాత్రివేళ నోడపైనుండి కనబడునంతయే వారికి కనబడును. నౌకలు పోవు దారిని తెల్లసుద్దతోను, జలాంతర్గామి దారిని పచ్చసుద్దతోను గీయుదురు. ఆ పచ్చగీత నేలరంగులో గలిసిపోయి తెరవెనుకనున్నవారికి గోచరింపదు. ఒక్కొక్క యెత్తునకు రెండు నిమిషములు. ఆట ముగిసిన పిదప నధికారులను తెర వెలుపలికి బిలిచి, గీతలన్నింటిని చూపుదురు. తా నెచ్చట వెదకెనో, శత్రువు వాస్తవముగా నెచ్చట నుండెనో యప్పుడు వాని కన్నులకే గనబడును. ఇంతకు మించిన నల్లబల్లపాఠము నేనెఱుగను.

ఆ నేలమీదనే యొక గొప్పసంగతి బయలుపడెను. టార్పిడోలు నౌకల గుంపునకు వెలుపలనుండియే వచ్చుచున్నవని యధికారులు తలంచుచుండిరి. మునిగిన నౌకల స్థానములను నేలపై మరల మరల గీసి చూడగా నది పొసగలేదు. జలాంతర్గామి రాత్రివేళ నీటిపైన తేలుచు వెనుకనుండి గుంపు నడుమకే చొచ్చుచున్నదనియు, కొట్టిన పిదప లోతునకు మునిగి నౌకలను తనమీదుగా దాటిపోనిచ్చుచున్నదనియు రాబర్ట్స్ ఊహించెను. వెలుపల వెదకినచో లోపలిది చిక్కునా? రక్షకనౌకలు వెనుదిరిగి గుంపు వెనుకభాగమును వెదకునట్టి పద్ధతి నేర్పడెను. రాబర్ట్సుతో గూడ దానిని గల్పించిన జీన్ లెయిడ్లా అను యువతి దానికి రాస్ప్‌బెరీ యని పేరిడెను. ఆ యేటనే యచ్చటికి సేనాధిపతిగా వచ్చిన మాక్సు హార్టన్, తాను పూర్వము జలాంతర్గాములను నడిపినవాడగుటచే, నేలమీద జలాంతర్గామి పక్షము వహించి యాడి, జానెట్ ఒకెల్ అను యువతిచేతిలో వరుసగా నైదుసారు లోడెనని చెప్పుదురు. 1945లో మూయబడువఱకు నా గదిలో దాదాపు 5,000 మంది యధికారులు చదివిరి.

ఇక దీనికి విపరీతమైన కథ జపానులోనిది. అదే 1942 మే మాసమున, మిడ్వే ద్వీపముపై దాడికి పూర్వము, యమాటో యను యుద్ధనౌకపై జపాను నౌకాధికారులు బల్లమీద నీ క్రీడ నాడిరి. శత్రువిమానములు బాంబులు వేసిన సందర్భమున తీర్పరి పాచిక వేసి తొమ్మిది దెబ్బలు తగిలెననియు, అకాగి, కాగా యను రెండు విమానవాహక నౌకలు మునిగెననియు నిర్ణయించెను. క్రీడకు ప్రధానాధ్యక్షుడైన ఉగాకి దెబ్బలను మూడింటికి దగ్గించెను. కాగా మాత్రము మునిగినట్లును, అకాగికి గాయము మాత్రమే తగిలినట్లును మార్చెను. తరువాతి యాటలో కాగా కూడ నీటినుండి లేచివచ్చెనట! జూను 4వ తేదీని నిజముగా జరిగిన యుద్ధమున నా రెండును, వానితో మఱి రెండును, మొత్తము నాలుగు విమానవాహక నౌకలు పోయినవి. ఈ కథ ఫుచిదా, ఒకుమియా యను నధికారులు వ్రాసిన గ్రంథమునం దున్నది. ఒకుమియాయే యానాటి తీర్పరి. ఫుచిదా చెప్పిన వానిని చరిత్రకారులందఱు యథాతథముగా నంగీకరింపరు. పాచిక మార్చుటవలననే యోడిరని చెప్పుటయు తగదు. కాని పెద్దవాని ముఖము చూచి ఫలితము మార్చిన యాట యాడనిదానితో సమానమని యేమఱక తెలిసికొనవలెను. లివర్‌పూలులో సేనాధిపతి యొక యువతిచేతిలో నోడెను. ఆ యోటమి నెవ్వరును దిద్దలేదు.

ఉదయము ప్రార్థనతో తలుపులు తెఱచు పాఠశాలలో బాలురచే యుద్ధ మాడింపవచ్చునా యని కొందఱు పెద్దలు శంకింతురు. శంక న్యాయమైనదే. దిమ్మకు నెత్తురు లేదు. దానిని తీసి పెట్టెలో వేయుట సులభము. 1913లో బొమ్మసైనికుల యాటను గూర్చి పుస్తకము వ్రాసిన హెచ్. జి. వెల్స్ అను నాంగ్లరచయిత, ఈ చిన్నయుద్ధమును నాలుగుసారు లాడిచూచినవానికి నిజమైన యుద్ధ మెంత యవకతవకయో తెలియునని యందే వ్రాసెను. మఱు సంవత్సరమే మహాయుద్ధము వచ్చెను. నాకు తోచిన యుపాయ మిది: ఆటలో పాలుగొనని విద్యార్థులచే నొక లెక్కపుస్తకము వ్రాయింపవలెను. దిమ్మ యొకటి తీయబడినపుడెల్ల, అది 100 మందికి గుర్తైనచో, "వందమంది" అని వ్రాసి బిగ్గరగా చదువవలెను. ఆటగాండ్రకు నది వినబడవలెను. వేడుక కొంత తగ్గిన తగ్గుగాక.

మన తరగతి కనువైన యుద్ధ మేది? 1758 డిసెంబరులో పిఠాపురమునకు సమీపమునందలి చందుర్తికడ జరిగినది మిక్కిలి తగియున్నది. ఫ్రెంచివారికి కాన్‌ఫ్లాన్సును, ఇంగ్లీషువారికి బంగాళమునుండి క్లైవు పంపిన ఫోర్డును నాయకులు. ఫోర్డునకు తోడు విజయనగరపు ఆనందగజపతిరాజు. ఫోర్డు తన యాంగ్లపటాలమును మనిషిని మఱుగుపఱుచునంత యెత్తు పెరిగిన చేని వెనుక నుంచెను. ఆయన సిపాయీలు బంగాళమునుండి వచ్చినవారై యెఱ్ఱకోటులు ధరించియుండిరి. ఫ్రెంచివారు దూరమునుండి యెఱ్ఱకోటులను జూచి, ఆంగ్లపటాల మదియే యనుకొని దానిమీదికి దూకిరి. చేని చాటుననున్న పటాలము ప్రక్కనుండి వారిపై బడెను. ఆ గెలుపు తరువాత 1759 ఏప్రిలులో ఫోర్డు మచిలీపట్టణపు కోటను బట్టుకొనెను. సలాబత్‌జంగు కోటను, దానిచుట్టు ప్రాంతమును నాంగ్లేయులకు వదలెను. కోస్తాదేశపు చరిత్ర మలుపు దిరిగిన దొక చేని చాటున.

దీనిని బల్లపై నుంచుటకు నాలుగడుగుల కాగితమును, అంగుళమునకు 100 గజముల చొప్పున కొలతయు జాలును. గ్రామము, చేలు, బాట గీయవలెను. రెండు నిమిషముల యెత్తున కాల్బలమునకు ఒకటిన్నర యంగుళము, గుఱ్ఱములకు నాలుగు, ఎడ్లు లాగు ఫిరంగులకు ఒకటి చొప్పున నియమించుడు. ఆనాటి తుపాకి 100 గజములు దాటినచో గురి నిలుచునది కాదు గనుక కాల్పులకు నంగుళమే హద్దు. పాచిక వేయుటకు ముందే తీర్పరి, "ఆరింట నాలుగు పడినను, అంతకు మించినను దాడి నెగ్గును" అని నల్లబల్లమీద వ్రాయవలెను. వేసిన పిదప వ్రాయరాదు. రెండు పక్షములకు వేర్వేఱు గదులు, వేర్వేఱు పటములు. తీర్పరుల బల్ల నడవలో. చీటీలు మోయుటకు కాలు చురుకైనవారిని గాక, చేతివ్రాత బాగుగ నున్నవారిని నియమింపుడు. అర్థముగాని చీటి యాటలోనైనను, యుద్ధములోనైనను నొక్కటే.

చందుర్తి యను పేరు ముందుగా చెప్పరాదు. ఊరికి మఱియొక పేరు పెట్టుడు. "ఎడమప్రక్క నెఱ్ఱకోటుల దళము కనబడుచున్నది" అని ఫ్రెంచి పక్షమునకు తీర్పరి చెప్పవలెను. అంతకు మించి పలుకరాదు. వారెవరని సేనాపతి యడిగినచో, మనిషిని పంపి చూచుకొమ్మని చెప్పవలెను. పంపిన గుఱ్ఱము తిరిగివచ్చుటకు రెండు మూడెత్తులు పట్టును. అంతదనుక నాగుటయా, దూకుటయా యనునదే యా బాలుడు తేల్చుకొనవలసినది. ఈ వ్యాసము చదివినవా రెటులును ఫ్రెంచి పక్షమున కక్కఱకు రారు. వారిని తీర్పరులుగ నియమించుట మేలు.

ఆట ముగిసినతోడనే గెలుపోటములు చెప్పక, ఇరుపక్షముల సేనాపతులను వేర్వేఱుగ గూర్చుండబెట్టి, శత్రువుయొక్క ముఖ్యపటాల మెచ్చటనున్నదో తమకేయెత్తున తెలిసినదని వ్రాయింపవలెను. అప్పుడు తీర్పరుల పటమును తెచ్చి రెండు వ్రాతలప్రక్కన బల్లపై పఱచి, తరగతి నంతటిని చుట్టు చేర్చి, మొదటి యెత్తునుండి మరల చదువుడు.