ముక్కుతో పలకరింపు

ఇద్దరు ఎదురుపడితే పలకరించుకుంటారు. మన ఊళ్ళలో కొందరు నమస్కారం పెడతారు. కొందరు సలాం అంటారు. కొందరు "బాగున్నావా వదినా?" అని చెయ్యి పట్టుకుంటారు. కొన్ని దేశాల్లో ముక్కుకు ముక్కు ఆనిస్తారు. వింటే నవ్వొస్తుంది. దాని వెనక సంగతి తెలిస్తే నవ్వు రాదు.

మంచు దేశంలో తల్లీబిడ్డ

భూమికి ఉత్తరం కొసన మంచు ప్రాంతాలు ఉన్నాయి. గ్రీన్‌లాండ్, అలాస్కా, కెనడా ఉత్తర భాగం అక్కడివే. అక్కడ ఇన్యూట్ అనే జనం ఉన్నారు. బయటివాళ్ళు వాళ్ళకు ఎస్కిమోలని పేరు పెట్టారు. ఆ పేరు వాళ్ళలో చాలామందికి నచ్చదు. ఇన్యూట్ అంటే వాళ్ళ భాషలో 'మనుషులు' అని అర్థం.

ఇన్యూట్ తల్లుల కోటుకు వీపు మీద సంచిలాంటి చోటు ఉంటుంది. పసిబిడ్డ అందులో వెచ్చగా ఉంటుంది. తల్లి ముద్దు చేసేటప్పుడు తన ముక్కు, పై పెదవి బిడ్డ బుగ్గకో, నుదుటికో ఆనిస్తుంది. మెల్లగా ఊపిరి పీలుస్తుంది. బిడ్డ వాసన చూస్తుంది. దీన్ని 'కునిక్' అంటారు.

ఇది మనకు కొత్తా? పసిబిడ్డకు నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేస్తాం. తరవాత తల్లి బిడ్డ తలకు ముక్కు ఆనించి మురిసిపోదా? రామాయణంలోనూ పెద్దలు పిల్లల శిరస్సు మూర్కొంటారు. మూర్కొనడం అంటే వాసన చూడటమే.

బయటివాళ్ళు అల్లిన కథ

"ముద్దు పెట్టుకుంటే చలికి పెదవులు అతుక్కుపోతాయి. అందుకే వాళ్ళు ముక్కులు రాసుకుంటారు." ఇలా ఒక కథ లోకమంతా పాకింది. ఇది నిజం కాదు. కునిక్‌లో పై పెదవి కూడా తగులుతుంది కదా! పైగా అది దారిన పోయేవాళ్ళను పలకరించే పద్ధతి కాదు. అయినవాళ్ళ మధ్య ప్రేమ.

ఇంకో సంగతి చూడండి. మన పల్లెల నుంచి ఎంతోమంది పనికోసం దుబాయి వెళ్ళారు. అక్కడి అరబ్బు మగవాళ్ళు ముక్కుకు ముక్కు ఆనించి పలకరించుకుంటారు. అక్కడ ఎండలు మండిపోతాయి. మరి ఆ పద్ధతికి చలే కారణం అంటే ఎలా?

మావోరీల హోంగి

న్యూజిలాండ్‌లో మావోరీలు ఉన్నారు. వాళ్ళ పలకరింపు పేరు 'హోంగి'. ముక్కుకు ముక్కు, చాలాసార్లు నుదుటికి నుదురు ఆనిస్తారు. ఇద్దరి ఊపిరీ కలుస్తుంది. దాంతో వచ్చిన అతిథి తమవాడే అయినట్టు.

దీనికి వాళ్ళ పెద్దలు ఒక కథ చెబుతారు. తానే అనే దేవుడు ఎర్రమట్టితో స్త్రీ బొమ్మ చేశాడు. దాని ముక్కులోకి ఊపిరి ఊదాడు. బొమ్మ తుమ్మింది. ప్రాణం వచ్చింది. ఆమే మొదటి స్త్రీ. మన ఇళ్ళలో పిల్లలు తుమ్మితే "చిరంజీవ" అంటాం. వాళ్ళకూ తుమ్ము ప్రాణానికి గుర్తే.

బయటివాళ్ళు హోంగిని కూడా ముక్కులు రాసుకోవడం అన్నారు. మన భాషలో ముక్కు నేలకు రాయడం అంటే తప్పు ఒప్పుకోవడం. ఇక్కడ రాయడమూ లేదు, తప్పూ లేదు. 1835లో చార్లెస్ డార్విన్ అనే శాస్త్రవేత్త న్యూజిలాండ్ వెళ్ళాడు. దగ్గరుండి చూశాడు. ఇది రాయడం కాదు, ఆనించి నొక్కడం అని రాశాడు.

2020లో కరోనా వచ్చింది. ఊపిరితో జబ్బు అంటుతుందని చాలాచోట్ల మావోరీ పెద్దలే హోంగి ఆపమన్నారు. ఆచారం కన్నా మనిషి ప్రాణం ముఖ్యం అనుకున్నారు.

ఒకరి ఆచారం గురించి ఇంకొకరు చెప్పినదంతా నిజం కాదు. అచ్చులో ఉన్నంత మాత్రాన నిజం కాదు. చదవడం వచ్చింది. ఇక "ఇది ఎవరు చెప్పారు? చూసి చెప్పారా?" అని అడగడం కూడా రావాలి.

ఆలోచించి చెప్పండి

1. కునిక్ అంటే ఏమిటి? ఎవరెవరి మధ్య జరుగుతుంది?
2. పెదవులు అతుక్కుపోతాయన్న కథ ఎందుకు నిజం కాదు?
3. మీ ఊరి గురించి, మీ ఆచారాల గురించి బయటివాళ్ళు తప్పుగా చెప్పుకునే మాట ఏదైనా ఉందా? అసలు సంగతి మూడు వాక్యాల్లో రాయండి.