ముందు బొమ్మ గీయనివ్వండి

విశాఖ వన్ టౌన్ బడిలో కోటవీధి జాలరి కొడుకు, పూర్ణా మార్కెట్ షాపాయన కొడుకు, పోర్టు ఉద్యోగి అబ్బాయి ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి పేర్లు పెట్టడం మొదలు. ఒకడు 'చేపల కంపు', ఇంకొకడు 'నల్లోడు'. మాస్టారికి చెబితే "పిల్లలన్నాక మామూలే" అంటారు. చెప్పినందుకు సాయంత్రం గేటు దగ్గర ఇంకో రెండు మొట్టికాయలు. ఇక వాడు నోరు విప్పడు.

అలాంటివాడు కూడా గీయమంటే గీస్తాడు. అలాగని 'ఏడిపించొద్దు' అని చార్టు మీద పోస్టర్లు వేయించి, బహుమతులిచ్చి, ఫొటో దిగితే ఆర్ట్ థెరపీ, అంటే బొమ్మలతో మనసుకి చేసే వైద్యం, అయిపోదు. బొమ్మలు బాగా వస్తే ఆ పోటీలో ఏడిపించేవాడే ఫస్టు వస్తాడు!

ఈసారి డ్రాయింగ్ పీరియడ్‌లో బడి పటం గీయమనండి. గేటు, మెట్లు, కుళాయి, బాత్రూములు, వెనక బెంచీ. హాయిగా ఉండే చోట పచ్చరంగు, భయమేసే చోట ఎరుపు. పేర్లు రాయక్కర్లేదు. తర్వాత కాగితాలన్నీ బల్ల మీద పరవండి. సగం మంది కుళాయి దగ్గరే ఎరుపు పులిమారా? ఇంటర్వెల్‌లో ఒక మాస్టారు అక్కడ నిలబడాలి, రేపటి నుంచే.

పటం కాక పిల్లలు వేసే మామూలు బొమ్మలకైతే మార్కులు వేయకండి, గోడకి అంటించకండి. "ఇదేంటి, ఏనుగా?" అనకుండా "దీని గురించి చెప్పు నాన్నా" అనండి. నల్లరంగు ఎక్కువ వాడాడు కాబట్టి దిగులు అంటూ జాతకం చెప్పేయకండి.

ఏడిపించేవాణ్నీ బొమ్మలకి దూరం పెట్టొద్దు. ఎడిత్ క్రేమర్ అనే చిత్రకారిణి 1950లో న్యూయార్క్ రాష్ట్రంలోని విల్ట్‌విక్ బడిలో చేరి, దారి తప్పిన, దుడుకు మగపిల్లల చేత ఏళ్ల తరబడి బొమ్మలు వేయించింది. బొమ్మలో అర్థాలు వెతకడం కన్నా బొమ్మ చేసే పనే మందు అని ఆవిడ నమ్మకం. మనకి వినాయక చవితి మట్టి ఉండనే ఉంది. ఓ ముద్ద వాడి చేతికివ్వండి. బాదనీ, పిసకనీ, కూలితే మళ్లీ నిలబెట్టనీ. మొదటి రోజే వాణ్నీ, వాడి చేతిలో దెబ్బలు తిన్నవాణ్నీ పక్కపక్కన కూర్చోబెట్టి "కలిసి వేయండి" అనడం మాత్రం దారుణం.

ఏ పిల్లాడైనా చావు బొమ్మే పదేపదే గీస్తుంటే డ్రాయింగ్ మాస్టారు సొంత వైద్యం చేయకూడదు. ఇంట్లోవాళ్లకి ఆ రోజే చెప్పాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే ఏ వేళైనా పలుకుతారు, డబ్బులు అక్కర్లేదు. ఎవరైనా కొడుతున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి.