అణుశక్తితో సాగే విమానవాహక నౌకలు: ఒక తులనాత్మక పరిశీలన

పాఠం ఉద్దేశం: అమెరికా, ఫ్రాన్సు నౌకాదళాల అణుచోదిత విమానవాహక నౌకలను పోల్చి చూడటం, శక్తికీ అవసరానికీ గల సంబంధాన్ని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం.

విమానవాహక నౌక సముద్రంపై సంచరించే విమానాశ్రయం. స్థావరం కోసం పరదేశాన్ని అర్థించకుండా, ఒక దేశం తన వైమానిక బలాన్ని వెంట తీసుకొనిపోవడానికి ఉపకరించే సాధనమిది. ఇటువంటి నౌకలను అణుశక్తితో నడిపిన నౌకాదళాలు రెండే: అమెరికా, ఫ్రాన్సు. సోవియట్ యూనియన్ 1988లో ‘ఉల్యానోవ్‌స్క్’ అనే అణునౌక నిర్మాణాన్ని ప్రారంభించింది. కాని ఆ దేశమే విచ్ఛిన్నమైంది. 1992లో ఆ అసంపూర్ణ నౌకను ముక్కలు చేయడం మొదలుపెట్టారు.

అణునౌక పనిచేసే తీరు సులభంగానే బోధపడుతుంది. రియాక్టరులో యురేనియం కేంద్రకాల విచ్ఛిత్తి వలన ఉష్ణం జనిస్తుంది. ఆ ఉష్ణం నీటిని ఆవిరిగా మారుస్తుంది. ఆవిరి టర్బైనులను త్రిప్పగా, వాటి బలంతో నౌక ముందుకు సాగుతుంది. అంటే అణునౌక కూడ ఒక విధంగా ఆవిరి ఓడయే. పొయ్యి మాత్రమే మారింది. నౌకను నడపడానికి చమురు మోయనవసరం లేదు కనుక, ఆ చోటును విమానాల ఇంధనానికీ ఆయుధాలకూ కేటాయించవచ్చు.

ప్రపంచంలో మొదటి అణుచోదిత విమానవాహక నౌక అమెరికా వారి ‘ఎంటర్‌ప్రైజ్’. 1961లో సేవలో ప్రవేశించిన ఈ నౌకలో ఎనిమిది రియాక్టర్లుండేవి. 1964లో ఇది మరి రెండు అణునౌకలతో కలిసి, మార్గమధ్యంలో ఇంధనం నింపుకోకుండా 65 రోజులలో భూగోళాన్ని చుట్టివచ్చింది. అనంతరం 1975 నుండి 2009 వరకు ‘నిమిట్జ్’ తరగతికి చెందిన పది నౌకలు సేవలో ప్రవేశించాయి. వీటిలో ఒక్కొక్కదాని బరువు దాదాపు లక్ష టన్నులు, పొడవు సుమారు 333 మీటర్లు. ఎనిమిది రియాక్టర్లు చేసిన పనిని వీటిలో రెండే నిర్వహిస్తాయి. ఏబది సంవత్సరాల ఆయుర్దాయంలో ఒక్కసారి ఇంధనం మార్చితే చాలు. 2017లో ప్రవేశించిన ‘జెరాల్డ్ ఆర్. ఫోర్డ్’ నౌకలో విమానాలను ఎగరవేయడానికి ఆవిరికి బదులు విద్యుదయస్కాంత శక్తిని ఉపయోగించారు.

ఫ్రాన్సు మార్గం వేరు. 2001లో సేవలో ప్రవేశించిన ‘చార్లెస్ డి గాల్’ బరువు సుమారు 42,500 టన్నులు, పొడవు 261.5 మీటర్లు, వేగం 27 నాట్లు. జలాంతర్గాముల కొరకు రూపొందించిన రకం రియాక్టర్లనే రెండింటిని ఇందులో అమర్చారు. అందువలన వ్యయం తగ్గింది, వేగమూ తగ్గింది. అమెరికా నౌకలు అధిక స్థాయిలో శుద్ధి చేసిన యురేనియంను వాడగా, ఫ్రాన్సు తక్కువ స్థాయి యురేనియంను ఎన్నుకొన్నది. కనుకనే దీనికి దాదాపు పదేళ్లకొకసారి ఇంధనం మార్చవలసి వస్తుంది. 2007-08లోను, 2017-18లోను ఈ నౌక అందుకే రేవులో నిలిచిపోయింది. అమెరికాకు ఒక నౌక రేవులో ఉన్నా మరొకటి సముద్రంపై ఉంటుంది. ఫ్రాన్సుకున్నది ఒక్కటే. అది ఆగితే ఆ దేశపు సముద్ర వైమానిక బలమే ఆగుతుంది.

అణునౌకకు అంతులేని శక్తి ఉన్నదనుకోవడం పొరపాటు. నౌకకు చమురు అక్కరలేకున్నా, విమానాలకు ఇంధనం కావాలి, మందుగుండు కావాలి, నిమిట్జ్ వంటి నౌకపై ఐదువేల మందికి అన్నం కావాలి. వీటినందించే సరఫరా ఓడలు వెంట లేనిదే అది ఎక్కువ కాలం పోరాడలేదు. ఆయుర్దాయం తీరిన తరువాత రియాక్టర్లను సురక్షితంగా తొలగించడం మరొక భారం.

మన తూర్పు తీరం అణునౌక నీడను చూసిన సందర్భమొకటి ఉన్నది. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ విమోచన యుద్ధం జరుగుతుండగా, అమెరికా ఎంటర్‌ప్రైజ్‌ను బంగాళాఖాతానికి పంపింది. అప్పుడు విశాఖపట్నం కేంద్రంగా గల తూర్పు నౌకాదళానికి ఆధారం పాత ‘విక్రాంత్’. బాయిలరులో పగుళ్ల వలన అది పూర్తి వేగంతో పయనించలేని స్థితిలో ఉండేది. అయినప్పటికీ దానిపైనుండి ఎగిరిన విమానాలు చిట్టగాంగ్, కాక్స్‌బజార్ రేవులపై దాడి చేశాయి. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్థాన్ సేనలు లొంగిపోయాయి. ఎనిమిది రియాక్టర్ల నౌక యుద్ధ ఫలితాన్ని మార్చలేకపోయింది.

2022లో కొచ్చిలో సేవలో ప్రవేశించిన కొత్త ‘విక్రాంత్’ పొడవు 262 మీటర్లు, అంటే ఫ్రాన్సు నౌకతో దాదాపు సమానం. కాని ఇది అణుశక్తితో గాక, నాలుగు గ్యాస్ టర్బైనులతో నడుస్తుంది. విమానాలను విసిరే యంత్రం లేక, వంపు తిరిగిన ముందుభాగంపైనుండి అవి ఎగురుతాయి. అందుచేత ఫ్రాన్సు నౌకవలె బరువైన రాడార్ విమానాలను ఇది వినియోగించలేదు. అయితే నిర్మాణం, నిర్వహణ మన శక్తికి అందుబాటులో ఉన్నాయి.

నౌకలను టన్నులతోను, నాట్లతోను పోల్చవచ్చు. కాని ఏ సముద్రాన్ని కాపాడాలి, ఎంత దూరం వెళ్లాలి, ఎన్ని నౌకలను పోషించగలం అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పుకొన్న తరువాతనే ఆ అంకెలకు అర్థం ఏర్పడుతుంది.

ప్రశ్నలు

1. అమెరికా, ఫ్రాన్సు అణునౌకల మధ్య గల భేదాలను వివరించండి.
2. ‘అణునౌక కూడ ఒక విధంగా ఆవిరి ఓడయే’ - సమర్థించండి.
3. 1971 నాటి సంఘటన నుండి మీరు గ్రహించినదేమి?
4. భారతదేశానికి అణుచోదిత విమానవాహక నౌక అవసరమా? మీ అభిప్రాయాన్ని కారణాలతో వ్రాయండి.