మీ బిడ్డకు డౌన్ సిండ్రోమ్ అని తెలిసినప్పుడు



రక్తపరీక్ష రిపోర్టు వచ్చిన రోజున తల్లులు మమ్మల్ని మొదట అడిగే ప్రశ్న, "సిస్టర్, నేనేం తప్పు చేశాను?" అని. మీరు ఏ తప్పూ చేయలేదు.

మన శరీరంలోని కణాలలో 46 క్రోమోజోములు ఉంటాయి. సగం తల్లి నుండి, సగం తండ్రి నుండి వస్తాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయి. 1959లో శాస్త్రజ్ఞులు ఈ సంగతి కనుగొన్నారు. గ్రహణం చూసినందువల్ల గాని, తిన్న తిండి వల్ల గాని, దిష్టి వల్ల గాని ఇది రాదు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది. అయినా చిన్న వయసు తల్లులకూ ఇలాంటి బిడ్డలు పుడతారు. ఇంట్లో పెద్దలకు ఈ మాట తండ్రే చెప్పాలి. కోడలిని నిందించనివ్వకండి.

ఇప్పుడు చేయవలసినవి:

1. గుండె: ఈ బిడ్డలలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. బిడ్డ పైకి బాగానే కనిపించినా ఎకో పరీక్ష తప్పక చేయించండి. సకాలంలో తెలిస్తే చాలా లోపాలను ఆపరేషన్‌తో సరిచేయవచ్చు.

2. థైరాయిడ్: పుట్టినప్పుడు, 6 నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏటా పరీక్ష చేయించాలి. చెవులు, కళ్ళు కూడా చూపించండి.

3. పాలు: కండరాలు మెత్తగా ఉండడం వల్ల బిడ్డ నెమ్మదిగా తాగుతుంది. విసుగుపడక తల్లిపాలే పట్టండి. చీకలేకపోతే పాలు పిండి చెంచాతో పట్టే పద్ధతి నర్సును అడగండి.

4. వ్యాయామం: మొదటి నెలల నుండే ఫిజియోథెరపీ మొదలుపెట్టాలి. జిల్లాలోని ప్రభుత్వ డీఈఐసీ కేంద్రంలో ఇది ఉచితం.

5. మరో కాన్పు: రిపోర్టులో "ట్రాన్స్‌లొకేషన్" అని ఉంటే, మళ్ళీ గర్భం రాకముందే మీరిద్దరూ రక్తపరీక్ష చేయించుకోండి.

క్రోమోజోమును మార్చే మందు లేదు. ఉందని చెప్పేవారికి డబ్బు ఇవ్వకండి. ఆ డబ్బు ఎకోకు, మందులకు, దారి ఖర్చులకు ఉపయోగపడుతుంది.

ఈ బిడ్డలు కూర్చోవడం, నడవడం, మాట్లాడడం కాస్త ఆలస్యంగా నేర్చుకుంటారు. సరిగా నేర్పితే చాలామంది బడికి వెళతారు, తమ పనులు తామే చేసుకుంటారు.

రిపోర్టు చూశాక బిడ్డను ఎత్తుకోవడానికి జంకిన వారిని చూశాను. అమ్మా, నిన్న మీరు ముద్దాడిన బిడ్డే ఈ రోజూ మీ ఒడిలో ఉన్నది. పేరు పెట్టండి, పేరుతో పిలవండి. సందేహం వస్తే, ఎన్నిసార్లయినా సరే, ఇద్దరూ కలిసి వచ్చి మమ్మల్ని అడగండి.